కయాక్‌లో తిమింగలాల కోసం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: రుషికొండలో రెండుసార్లు కయాక్ నడిపాం. ఈసారి తమ్ముడూ నేనూ భీమిలి వైపు కాస్త లోపలికి వెళ్లి తిమింగలాలను చూడాలనుకుంటున్నాం. సముద్రం నునుపుగా ఉండే తెల్లవారుజామున బయల్దేరితే చాలా?
– ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ

జవాబు: ఆ నునుపు చూసే చాలామంది మోసపోతారు. వేకువన గాలి నేల మీంచి సముద్రంలోకి వీస్తుంది. కొండల చాటున ఒడ్డు దగ్గర దాని జోరు తెలియదు. లోపలికి పోయేకొద్దీ వీపున తోస్తుంది కాబట్టి వెళ్లడం హాయిగానే ఉంటుంది. తిరిగొచ్చేటప్పుడు అదే గాలికి ఎదురు తెడ్డు వేయాలి, అదీ చేతులు అలిసిపోయాక. అందుకే బయల్దేరిన పావుగంటకే వెనక్కి తిరిగి అయిదు నిమిషాలు ఒడ్డు వైపు నడిపి చూడండి. ఒడ్డు దగ్గరపడుతున్నట్టు లేకపోతే ఆ రోజుకి అంతే, వచ్చేయండి.

జనవరి నుంచి మార్చి దాకా మంచి కాలం. ముందురోజు ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) సూచన చూడండి. అల ఎత్తు మీటరు దాటితే మానుకోండి. ఎత్తు తక్కువే ఉన్నా అలకీ అలకీ మధ్య 12 సెకన్లు మించితే ఒడ్డున గట్టిగా విరుగుతాయి; కయాక్ అడ్డం తిరిగేది అక్కడే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం, ఆపదలో చెయ్యందించడానికి మరపడవలు కూడా ఉండవు. డాల్ఫిన్స్ నోస్ వైపు ఓడల దారి, నేవీ నీళ్లు. అటు అసలు వద్దు.

తిమింగలాలు కయాక్ వెళ్లే దూరంలో కనబడటం అరుదు. ఒడ్డుకు దగ్గరగా తిరిగేవి గూనివీపు డాల్ఫిన్లు, వాటి మీద ఆశ పెట్టుకోండి. 2021 డిసెంబరులో తంతడి తీరానికి కొట్టుకొస్తే తిరిగి సముద్రంలోకి పంపింది తిమింగల సొరను, అది తిమింగలం కాదు, చేప. దాని తోక నిలువుగా ఉండి పక్కలకు ఊగుతుంది. తిమింగలం తోక అడ్డంగా పరుచుకుని పైకీ కిందికీ ఆడుతుంది.

డాల్ఫిన్‌కు 50 మీటర్లు, తిమింగలానికి 100 మీటర్లు ఎడం ఉంచండి. ఎదురు పోవద్దు, వెంటపడొద్దు. పక్కగా, వాటి దారి వెంబడే సాగండి. తల్లికీ పిల్లకీ మధ్యకు మాత్రం ఎప్పుడూ వెళ్లొద్దు. కయాక్ చప్పుడు చేయదు కనుక మనమున్నట్టు తెలియక అవి పక్కనే పైకి లేవొచ్చు. అప్పుడప్పుడు తెడ్డుతో అంచు మీద తట్టండి.

ప్రశ్న: లోతులో బోల్తా పడితే మళ్లీ ఎక్కడమెలా?
– ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: ముందు తెడ్డు వదలకండి. పైన కూర్చునే రకం కయాక్ అయితే దాన్ని మళ్లీ సరిగ్గా తిప్పి, పక్కకు చేరి, అవతలి అంచు పట్టుకోండి. కాళ్లు ఆడించి ఒంటిని నీటి మీదికి తేల్చి, పొట్ట మీద అడ్డంగా పాకండి. తర్వాత తిరిగి కూర్చుని, చివర్లో కాళ్లు లోపలికి తీసుకోండి. లైఫ్ జాకెట్ వేసుకునే, నడుములోతు నీళ్లలో పదిసార్లు సాధన చేయండి.

అద్దె కయాక్ అయితే వెనక కొసన బొటనవేలంత బిరడా ఉంటుంది, దాన్ని వేళ్లతో తిప్పి బిగుతు చూడండి. అది వదులైతే నీళ్లు లోపలికి చేరి కయాక్ బరువెక్కుతుంది, ఊగినప్పుడల్లా లోపల కడవలో నీళ్ల చప్పుడు వినబడుతుంది. అది వింటే వెంటనే ఒడ్డుకు తిప్పండి. కోస్ట్ గార్డ్ నంబరు 1554. ఫోను నీరు చొరని సంచిలో, ఒంటికే కట్టుకుని ఉండాలి.