వినికిడి మెషీన్ పెట్టుకుని పని చేస్తున్నా వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) తీసుకోమంటున్నారు, నాకు రక్షణ ఉందా?

ప్రశ్న: నేను ఒక ప్రభుత్వ శాఖలో ఉద్యోగిని. సర్వీసులో చేరాక కొన్నేళ్లకు వినికిడి తగ్గడం మొదలైంది. ఇప్పుడు రెండు చెవులకూ మెషీన్లు వాడుతున్నాను. ఎదురుగా కూర్చుని మాట్లాడితే ఇబ్బంది లేదు. ఫోన్‌లోనూ మీటింగుల్లోనూ సగం మాటలు అందవు. 'ఫోన్ ఎత్తలేకపోతే ఎలా, వీఆర్ఎస్ పెట్టుకోండి' అని మా అధికారి రోజూ ఒత్తిడి చేస్తున్నారు. వైకల్య సర్టిఫికెట్ తెచ్చుకుంటే అదే సాకుగా తీసేస్తారేమోనని టెన్షన్. పైగా 'మెషీన్ పెట్టుకుంటే వినిపిస్తుందిగా, మీకు వైకల్యం ఏముంది' అనీ అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: అన్నిటికంటే ముందు, వీఆర్ఎస్ కాగితం మీద సంతకం పెట్టకండి. ఒకవేళ ఇప్పటికే ఇచ్చేసి ఉంటే, అది అమల్లోకి వచ్చే తేదీలోపే వెనక్కి తీసుకుంటున్నట్టు రాసివ్వండి. సాధారణంగా అందుకు వీలుంటుంది. మీ సర్వీసు నిబంధనల్లో ఆ గడువు ఎలా ఉందో ఈ రోజే చూసుకోండి.

మీ భయం నాకు అర్థమైంది. కానీ చట్టం మీ భయానికి సరిగ్గా ఎదురుగా ఉంది. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 20(4) సెక్షన్ ప్రకారం, సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఇప్పుడున్న పని చేయలేకపోతే అదే పే స్కేలు, అవే సర్వీసు ప్రయోజనాలతో వేరే పోస్టుకు మార్చాలి. అలాంటి పోస్టు ఖాళీగా లేకపోతే, దొరికేదాకా లేదా రిటైరయ్యేదాకా మీకోసం సూపర్‌న్యూమరరీ పోస్టులో (మంజూరైన పోస్టులకు అదనంగా సృష్టించే పోస్టులో) ఉంచాలి. వైకల్యం ఉందన్న ఒక్క కారణంతో ప్రమోషన్ ఆపడానికీ వీల్లేదు. ఈ రక్షణ కావాలంటే మీ వినికిడి సమస్య రికార్డులో ఉండాలి. దాచినంతకాలం మీరు ఫోన్ ఎత్తకపోవడం వాళ్ల దృష్టిలో నిర్లక్ష్యంగానే ఉంటుంది, రేపు మెమో ఇచ్చినా ఆ మాటే రాస్తారు.

సుప్రీంకోర్టు 2008లో పంజాబ్ విద్యుత్ బోర్డు కేసులో ఇచ్చిన తీర్పు మీకు బాగా పనికొస్తుంది. అక్కడ ఒక లైన్‌మన్‌కు సర్వీసులో ఉండగానే చూపు పూర్తిగా పోయింది. తనకు చట్టంలో రక్షణ ఉందని ఆయనకు తెలియదు. తనను రిటైర్ చేసి భార్యకు ఉద్యోగం ఇమ్మని ఉత్తరం రాసుకున్నాడు. బోర్డు దాన్నే పట్టుకుని, స్వచ్ఛందంగా వెళ్లిపోయాడంది. కోర్టు ఒప్పుకోలేదు. హక్కు ఉందని తెలియక రాసిన ఉత్తరాన్ని అతని మీదే ప్రయోగించడం తప్పనీ, ఆ హక్కు గురించి చెప్పాల్సిన బాధ్యత అధికారులదేననీ తేల్చింది. అది 1995 నాటి పాత చట్టం కింద వచ్చిన తీర్పు. అదే రక్షణ ఇప్పుడు 20(4)లో ఉంది.

ఇక 'మెషీన్ పెట్టుకుంటే వినిపిస్తుందిగా' అన్న మాట. ఇది తెలియక అనే మాటే అయినా చాలామందిని నోరెత్తకుండా చేస్తుంది. మెషీన్ శబ్దాన్ని పెంచుతుంది, పోయిన స్పష్టతను పూర్తిగా తెచ్చివ్వలేదు. స, ష, ఫ లాంటి ధ్వనులు అందకపోతే, గొంతు గట్టిగానే వినిపిస్తున్నా ఏం మాట్లాడారో తెలియదు. నలుగురు ఒకేసారి మాట్లాడినా, ఫ్యాను గట్టిగా తిరుగుతున్నా మరీ కష్టం. ఫోన్ రిసీవర్‌ను దగ్గర పెడితే కొన్ని మెషీన్లు కుయ్‌మంటాయి. వైకల్యాన్ని నిర్ణయించే ఆడియోమెట్రీ (వినికిడి) పరీక్షను మెషీన్లు తీయించి, హెడ్‌ఫోన్లు పెట్టి చేస్తారు. మెషీన్‌తో ఎంత వినిపిస్తోందన్నది ఆ పరీక్షలో లెక్కకు రాదు.

చట్టం షెడ్యూలు ప్రకారం, రెండు చెవుల్లోనూ మాటల ఫ్రీక్వెన్సీల్లో 60 నుంచి 70 డెసిబెల్స్ నష్టం ఉంటే వినికిడి లోపం, 70 ఉంటే బధిరత. రిజర్వేషన్ లాంటి కొన్ని ప్రయోజనాలకు కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. కానీ 20(4)లో 40 శాతం అన్న షరతు లేదు. పని చేసుకోవడానికి తగిన సర్దుబాట్లు అడిగే హక్కు 40 శాతం దాటినవారికే పరిమితం కాదని 2021లో యూపీఎస్సీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కాబట్టి మీ శాతం తక్కువ వచ్చినా దిగులు పడకండి. యూడీఐడీ కార్డుకు (దివ్యాంగుల గుర్తింపు కార్డుకు) దరఖాస్తు చేయండి. మీ వైకల్య శాతం తేల్చే మెడికల్ బోర్డు నిర్ణయం సరికాదనిపిస్తే అప్పీలుకూ అవకాశం ఉంది.

ఇప్పుడు మీరు రాయాల్సిన ఉత్తరం గురించి. 'నా మీద దయ చూపండి' అని రాయకండి. ఏం కావాలో విడమరిచి రాయండి: ఫోన్ డ్యూటీ బదులు ఫైళ్లు లేదా ఈమెయిల్ పని, మెషీన్‌కు బ్లూటూత్‌తో కలిసే ఫోన్, మీటింగులో మాట్లాడేవాళ్ల ముఖాలు కనిపించే చోట కుర్చీ, మీటింగ్ అయ్యాక నిర్ణయాలు రాతపూర్వకంగా. ఇలా అడిగినవి ఇవ్వకుండా ఊరుకోవడం ఆ చట్టం దృష్టిలో వివక్షే. ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష రిపోర్టు) నకలు జత చేసి, ఉత్తరం అందినట్టు ముద్ర వేయించుకోండి.

పట్టించుకోకపోతే 23వ సెక్షన్ కింద మీ కార్యాలయంలోని ఫిర్యాదుల పరిష్కార అధికారికి ఇవ్వండి. నమోదైన రెండు వారాల్లో విచారించాలి. అక్కడా కాకపోతే దివ్యాంగుల కోసం ఉన్న జిల్లా స్థాయి కమిటీ, రాష్ట్ర కమిషనర్. మీది కేంద్ర ప్రభుత్వ శాఖ అయితే చీఫ్ కమిషనర్. తొలగింపు ఉత్తర్వు చేతికొస్తే మాత్రం ఆగకుండా లాయర్‌ను కలవండి. నలుగురిలో కావాలని అవమానిస్తే 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు జైలు శిక్ష ఉంది. అయితే ఉద్యోగం నిలబెట్టుకునే పోరాటంలో దాన్ని మొదటే బయటికి తీయమని నేను చెప్పను. ఎవరు, ఎప్పుడు, ఎవరి ఎదుట ఏమన్నారో తేదీలతో రాసి పెట్టుకోండి చాలు.

ఇది చదివే ప్రైవేటు ఉద్యోగులకు: 20(4) ప్రభుత్వ సంస్థలకే వర్తిస్తుంది. మీరు మీ కంపెనీ సమాన అవకాశాల విధానం కాపీ అడగండి, 21వ సెక్షన్ ప్రకారం అది ఉండి తీరాలి.

విచారణకు పిలిచినప్పుడు వినపడని గదిలో తల ఊపుతూ కూర్చోకండి. ప్రశ్నలు కాగితం మీద ఇమ్మని లేదా మాటలు స్క్రీన్ మీద అక్షరాలుగా కనిపించే ఏర్పాటు చేయమని ముందే రాసివ్వండి. కోర్టులు, కమిషన్ల ముందు వివక్ష లేకుండా మీ మాట చెప్పుకునే వీలు కల్పించాలని 12వ సెక్షన్ చెబుతోంది.