ఇల్లు కొన్నారు సరే, రైల్ ఫెన్స్ వేయించేముందు ఇవి చూస్కోండి

వర్జీనియాలో మా లౌడన్ కౌంటీ వైపు కొత్తగా ఇల్లు కొన్న మనవాళ్ళు ఎక్కువగా అడిగేది ఫెన్స్ గురించే. ఇక్కడ చాలాచోట్ల కనిపించేది స్ప్లిట్ రైల్, కన్నాలున్న చెక్క పోస్టులు పాతి వాటిలో అడ్డంగా రెండో మూడో రైల్స్, అంటే పొడవాటి చెక్కలు, దూరుస్తారు, చూడ్డానికి బావుంటుంది, ప్రైవసీ ఫెన్స్ కంటే చవక కూడా. కానీ అది హద్దు చూపిస్తుందే తప్ప ఎవర్నీ ఆపదండీ. రెండేళ్ళ పిల్లాడు కింది రైల్ కిందనుంచి దూరి రోడ్డు మీదకెళ్ళిపోతాడు. చంటిపిల్లలో కుక్కో ఉంటే లోపలివైపు వైర్ మెష్ కొట్టించాల్సిందే, ఇందులో బేరం లేదు. స్విమ్మింగ్ పూల్ ఉంటే రూల్సే వేరు, కనీసం 48 అంగుళాల ఎత్తు, దానంతటదే మూసుకునే గేటు అడుగుతారు, ఉత్త రైల్ ఫెన్స్ చూపిస్తే ఒప్పుకోరు.

ఊళ్ళో స్థలం కొనగానే ఎవడు ఆక్రమిస్తాడో అని ముందు ప్రహరీ కట్టేస్తాం కదా, ఇక్కడ ఆ తొందర వద్దు. హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ళవాళ్ళ సంఘం, ఉంటే వాళ్ళ అప్రూవల్ కాగితం చేతికొచ్చేదాకా కాంట్రాక్టర్‌కి అడ్వాన్స్ ఇవ్వకండి. ఇల్లు కొన్నప్పటి క్లోజింగ్ కాగితాల్లో ప్లాట్, అంటే స్థలం హద్దుల మ్యాప్, ఉంటే తీసి ఈజ్‌మెంట్, అంటే పైపులూ లైన్లూ లాంటివాటి కోసం వేరేవాళ్ళకి హక్కున్న పట్టీ, ఎక్కడుందో చూడండి, అందులో ఫెన్స్ వేస్తే రేపు పైపు కోసం తవ్వాల్సొచ్చినప్పుడు పీకేస్తారు, మళ్ళీ వేసుకునే ఖర్చు మనదే కావచ్చు. పక్కింటాయన గడ్డి ఎక్కడిదాకా కోస్తే అదే హద్దు అనుకోకండి, మూలల్లో సర్వేయర్లు పాతిన ఇనప పిన్నులు మట్టిలో కప్పబడిపోయి ఉంటాయి, దొరక్కపోతే సర్వే చేయించడమే.

తవ్వడానికి కొన్ని రోజుల ముందే 811కి ఫోన్ చెయ్యండి, భూమిలో ఉన్న లైన్లు ఎక్కడున్నాయో గుర్తుపెట్టించే నంబరది, ఫ్రీ. వాళ్ళొచ్చి గడ్డి మీద రంగులు కొట్టి జెండాలు గుచ్చి వెళ్తారు, ఎరుపు కరెంటు, పసుపు గ్యాస్, నారింజ ఫోను ఇంటర్నెట్ కేబుళ్ళు, నీలం నీళ్ళు, ఆకుపచ్చ మురుగు. మీ స్ప్రింక్లర్ పైపులు మాత్రం వాళ్ళు గుర్తుపెట్టరు, అవి మీరే చూపించాలి.

సొంతంగా వేసుకుంటాం అనేవాళ్ళకి, మూల పోస్టులు ముందు పాతి తాడు కట్టండి, మిగతావి మాత్రం ఒకేసారి పాతేయకండి, ఒక పోస్టు నిలబెట్టి, రైల్స్ దూర్చి, ఆ తర్వాతే రెండో పోస్టు బిగించాలి, లేకపోతే రైల్ చివర కన్నంలోకి దూరదు. గుంట రెండు రెండున్నర అడుగులు ఉండాలి, తక్కువైతే చలికాలంలో నేల గడ్డకట్టి పోస్టుని పైకి నెట్టేస్తుంది. స్ప్లిట్ రైల్‌కి కాంక్రీట్ అక్కర్లేదు, కంకర మట్టి కొంచెం కొంచెం పోస్తూ గడ్డపార వెనకవైపుతో గట్టిగా దిమ్మిస్తే చాలు, ఈ దిమ్మించే దగ్గరే బద్ధకించకండి, రెండేళ్ళకి వాలిపోయే ఫెన్సులన్నీ ఇక్కడ తొందరపడ్డవే. చెక్కల్లో లోకస్ట్ అనే చెట్టు చెక్క దొరికితే అదే తీస్కోండి, దశాబ్దాలు ఉంటుంది, లేదంటే సీడర్. గేటు వెడల్పు మాత్రం మీ గడ్డి కోసే మెషిన్ కొలిచాకే ఆర్డర్ ఇవ్వండి, మనిషిని పెట్టుకుంటే ఆయన మెషిన్ ఇంకా పెద్దది, ఆయన్నే అడగండి.