ఫైబర్ ఉన్నవాళ్లు ఉపగ్రహ ఇంటర్నెట్‌కు మారాలా?

ఇంట్లో ఫైబర్ లైను ఉండగా స్టార్‌లింక్ అనే ఉపగ్రహ ఇంటర్నెట్‌కు మారితే వేగం పెరుగుతుందా అని అడిగారు. మీరు విజయవాడ మొగల్రాజపురంలోనో గుంటూరు బ్రాడీపేటలోనో ఉంటున్నట్లయితే ఆ ఖర్చు దండగ.

పాత తరహా భూస్థిర ఉపగ్రహాలు (భూమితోపాటే తిరుగుతూ ఆకాశంలో ఒకేచోట ఉన్నట్టు కనిపించేవి) సుమారు 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. అడిగిన పేజీకి జవాబు అందేసరికి అర సెకను గడిచిపోతుంది. స్టార్‌లింక్ ఉపగ్రహాలు దాదాపు 550 కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి కాబట్టి ఆ జాప్యం చాలావరకు తగ్గింది. కాకపోతే అంత కిందినుంచి ఒక్కో ఉపగ్రహానికి కనిపించే నేల తక్కువ. అందుకే వేల సంఖ్యలో పంపాల్సి వచ్చింది.

అసలు చిక్కు వేరే ఉంది. ఉపగ్రహాలు ఒక ప్రాంతంపైకి పంపగలిగే డేటాకు హద్దు ఉంటుంది, దాన్ని అక్కడి చందాదారులంతా పంచుకోవాలి. విజయవాడ బీసెంట్ రోడ్డు లాంటి కిక్కిరిసిన చోట ఎవరి వాటా ఎంత మిగులుతుందో ఊహించుకోండి. ఫైబర్‌కైతే మరో తీగ లాగితే సరిపోతుంది. పైగా సిగ్నల్ అందుకోడానికి ఇంటి దగ్గర పెట్టే డిష్‌కు అడ్డులేని ఆకాశం కనబడాలి. మన అపార్టుమెంట్లలో బాల్కనీకి కనబడేది పక్కింటి బాల్కనీ!

తీగ వేయడం కష్టమైన కృష్ణా నది లంక గ్రామాల మాట వేరు, అక్కడ ఇది నిజంగా పనికొస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడ సింగ్ నగర్‌ను ముంచినప్పటిలాంటి రోజుల్లోనూ అక్కరకొస్తుంది, డిష్‌కు కరెంటు ఇచ్చే ఇన్వర్టరు నీళ్లలో మునగకపోతే.