సందేహాలు – సమాధానాలు: ‘వైకల్యం’ ముందు ‘అంగం’ ఎందుకు?

సందేహం: పిల్లల వివరాలు రాసే ఫారంలో ‘డిజెబిలిటీ’ అని ఒక గడి ఉంది. తల్లిదండ్రులకు ఇచ్చే తెలుగు కాగితంలో దాన్ని ‘అంగవైకల్యం’ అని రాశాను. మా హెడ్‌మాస్టర్ గారు ‘దివ్యాంగత్వం’ అని మార్చమన్నారు. తోటి టీచర్ ఒకాయన ‘వైకల్యత’ అనాలన్నారు. ఇంతలో ఒక పిల్లవాడి తల్లి ఆ గడిని ఖాళీగా వదిలేసింది. అడిగితే, ‘మా పిలగానికి చెవులు ఇనవడయి మేడం, అంగం ఏం పోలే’ అన్నది. ఇందులో ఏది సరైన మాట?
– ఒక ఉపాధ్యాయురాలు, నర్సంపేట

సమాధానం: ముందు ఆ తల్లి సంగతి చూద్దాం. ఆమె పొరపాటు పడలేదు. మీరు రాసిన మాటను ఉన్నదున్నట్టు చదువుకున్నది. చెవి కూడా అంగమే కదా అని నిఘంటువు తెరిచి వాదించవచ్చు. వాదన గెలుస్తాం కానీ గడి నిండదు. మన ఊళ్ళలో అంగవైకల్యం అంటే కాలో చెయ్యో పోవడమే. తంటా అంతా ఆ ‘అంగం’తోనే వచ్చింది. దాన్ని తీసేసి ఉత్త ‘వైకల్యం’ అని రాయండి.

ఈ మాట ఎక్కడిదో కొంచెం చెబుతాను. చంద్రుడికి 16 కళలంటారు కదా, అక్కడ కళ అంటే భాగం. భాగాలన్నీ ఉంటే సకలం, ఏదైనా కొరవడితే వికలం. అంటే సకల, వికల ఒకదానికొకటి ఎదురుగా నిలబడే జంట. (కళలో ‘ళ’, సకలలో ‘ల’ ఏమిటని అడుగుతారేమో. సంస్కృతంలో అది ‘కలా’. మన నోట్లో పడి ‘కళ’ అయింది. సకల, వికల మాత్రం మారలేదు.) ‘ఆ వార్త విని మనసు వికలమైంది’ అనేదీ ఈ మాటే. మన దగ్గర వికలాంగుల సంఘాలవాళ్ళు, ఏ వైకల్యమూ లేనివాళ్ళను ‘సకలాంగులు’ అంటుంటారు. ఏ పండితుడూ చెప్పకుండానే జంట మాటను వెతికి పట్టుకున్నారు. నాకు భలే ఇష్టమైన ప్రయోగం అది.

వికల నుంచి వైకల్యం వచ్చింది, పండిత నుంచి పాండిత్యం, సుందర నుంచి సౌందర్యం వచ్చినట్టే. గుణాన్ని చెప్పే ప్రత్యయం అందులో ముందే చేరి ఉంది. మళ్ళీ ‘త’ తగిలిస్తే అంగీ మీద అంగీ తొడిగినట్టు. పాండిత్యత అనము కదా, వైకల్యత కూడా అంతే. ‘ప్రాధాన్యత’, ‘ఐక్యత’ ఇలాగే తయారై ఇంట్లోకి వచ్చి కూర్చున్నాయి, వాటితో కొట్లాడటం నేను మానేశాను. వైకల్యత ఇంకా గడప బయటే ఉంది కాబట్టి ఆపవచ్చు. టైపు చేసిన నోటీసుల్లో ‘వైకల్పం’ అని కూడా కనిపిస్తుంటుంది. అది వికల్పం వైపు మాట. వైకల్పిక సంధి అంటే జరిగితే జరుగుతుంది, లేకపోతే లేదు అని. ఆ అర్థం ఇక్కడ తగిలితే ఎంత అన్యాయమో చూడండి.

ఇక మీ హెడ్‌మాస్టర్ గారి మాట. 2015 డిసెంబరు 27న ప్రధాని మోదీ మన్ కీ బాత్‌లో, వికలాంగ్ అనే బదులు దివ్యాంగ్ అందామన్నారు. మరుసటి ఏడాది కేంద్ర శాఖ హిందీ పేరులోకి అది ఎక్కింది, తర్వాత మన ప్రభుత్వ కాగితాల్లోకీ వచ్చింది. పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌లో ‘విభిన్న ప్రతిభావంతులు’ అని శాఖకే పేరు పెట్టారు. ఆ పేరుతో సభ అని మైకులో చెబితే, పదో తరగతిలో ర్యాంకులు వచ్చిన పిల్లలకు సన్మానం అనుకుంటారు జనం. ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. ఇలా మెత్తని మాట వేయడం మనకు కొత్త కూడా కాదు. చూపు లేని ధృతరాష్ట్రుణ్ణి భారతం ‘ప్రజ్ఞాచక్షువు’, అంటే ప్రజ్ఞే కన్నుగా ఉన్నవాడు అన్నది.

కానీ మాట పనికొస్తుందో లేదో చూడటానికి నా దగ్గర ఒక మోటు పరీక్ష ఉంది. దాని ముందు ఒక అంకె పెట్టి చూస్తాను. సర్టిఫికెట్టులో ‘40 శాతం వైకల్యం’ అని ఉంటుంది, ఉద్యోగాల్లో రిజర్వేషన్ లాంటివాటికి, వైకల్యం ఉన్నవారి హక్కుల కోసం వచ్చిన 2016 చట్టం ప్రకారం అదే హద్దు. ఇప్పుడు ‘40 శాతం దివ్యాంగత్వం’ అని చదవండి. నలభై శాతమే దివ్యమైతే మిగతా అరవై ఏమైంది? దివ్యాంగులు అన్న మాట మనిషిని పిలవడానికి సరిపోతుందేమో కానీ స్థితిని కొలవడానికి సరిపోదు. పిలవడానికైనా అందరికీ నచ్చిన మాట కాదు. ఇది వివాదంలో ఉన్న మాట అని 2019లో ఐక్యరాజ్యసమితి కమిటీ కూడా మన దేశానికి చెప్పింది. మన ఓరుగల్లు బిడ్డ మంద కృష్ణ మాదిగ పెట్టిన సంఘం పేరు వికలాంగుల హక్కుల పోరాట సమితి. ఆ మాటతోనే పోరాడినవాళ్ళు దాన్ని వదులుకోలేదు. తెలంగాణలో వాళ్ళ నెల పింఛను 500 రూపాయల నుంచి 1,500కు, తర్వాత 3,016కు, 2023లో 4,016కు పెరిగింది. ఎంత పెరిగినా ఊళ్ళో అది వికలాంగుల పింఛనే.

అంగాన్ని ఎందుకు తీసేయమన్నానో చట్టం చూసినా తెలుస్తుంది. 1995 చట్టంలో 7 రకాల వైకల్యాలుంటే 2016 చట్టంలో 21 ఉన్నాయి. తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ అందులో చేరాయి. ఆదిలాబాద్ వైపు ఆదివాసీ కుటుంబాలకు సికిల్ సెల్ అంటే చెప్పాల్సిన పని లేదు. అది నెత్తుటిలో ఉండేది, ఏ అంగం అని రాస్తారు? ఆటిజంకు ఏ అంగం? ‘మానసిక వికలాంగులు’ అన్నదైతే మరీ చిక్కు. మనసుకు అంగం లేదన్నది ఒకటి, మానసిక వ్యాధినీ మేధో వైకల్యాన్నీ ఒకే గంపలో వేస్తుందన్నది రెండోది. చట్టం ఆ రెంటినీ వేరుగానే చెప్పింది.

ఆ చట్టమే ఇంకో మాట కూడా అన్నది. శరీరంలోనో మేధలోనో దీర్ఘకాలం ఉండే లోపం ఒకవైపు, బయటి అడ్డంకులు ఇంకోవైపు. రెండూ కలిసి మనిషిని నలుగురితో సమానంగా పాల్గొననివ్వకపోవడం గురించి అది మాట్లాడుతుంది. చక్రాల కుర్చీలో వచ్చే పిల్లవాడికి కంప్యూటర్ ల్యాబు మేడ మీద పెట్టామనుకోండి. కాలిలో ఉన్నది లోపం. మెట్లు కూడా కలిస్తేనే వాడికి ఆ క్లాసు పోయింది. కాబట్టి డాక్టరు చూసి రాసేదానికి ‘లోపం’, బతుకులో ఎదురయ్యేదానికి ‘వైకల్యం’ అని వాడుకుంటే రెండు మాటలకూ పని దొరుకుతుంది. నిఘంటువులో డిజెబిలిటీకి ‘అశక్తత’, ‘అనర్హత’ అని కూడా కనిపిస్తాయి. అవి కోర్టు మాటలు. 17 ఏళ్ళ కుర్రాడు మైనరు కాబట్టి తానుగా దావా వేయలేడు, దాన్నీ ఇంగ్లీషు చట్టభాషలో డిజెబిలిటీ అనే అంటారు. మీ ఫారానికి దానితో పనిలేదు.

మీరు అడగలేదు కానీ, మనిషిని ఏమనాలి అన్నది అసలు ప్రశ్న. పాణిని సూత్రం ఒకటుంది, ‘యేనాంగవికారః’ అని. ఏ అంగంలో తేడా ఉందో ఆ అంగానికి తృతీయా విభక్తి వస్తుంది. ‘పాదేన ఖంజః’, అంటే కాలిచేత కుంటివాడు. తేడా కాలిలో ఉన్నా కుంటి అన్న పేరు మనిషి మొత్తానికి పడింది. మన వాడుకలో కుంటోడు, గుడ్డిది అన్నవీ అంతే. ఇప్పుడు ఆ తల్లి మాట మళ్ళీ వినండి: ‘పిలగానికి చెవులు ఇనవడయి.’ ఇక్కడ కర్త చెవులు. పిల్లవాడు ‘కి’ విభక్తిలో నిండు మనిషిగా పక్కన నిలబడ్డాడు. మాట రాదు, కండ్లు కనబడవు, కాళ్ళు రావు – ఊరి తెలుగు ఇలా ఎప్పటినుంచో మనిషిని, లోపాన్ని విడదీసే చెబుతున్నది. చదువుకున్నవాళ్ళం దాన్ని మోటు అనుకుని బధిరుడు, అంధుడు అని మళ్ళీ మనిషికే అంటగట్టాం. సంస్కృతం కాబట్టి మర్యాద అనుకున్నాం. ‘వైకల్యం ఉన్నవారు’ అంటే ఆ ఊరి పద్ధతిలోనే ఉంటుంది. వికలాంగులు అన్న మాటను సంఘాలవాళ్ళే వాడుకుంటున్నారు కాబట్టి అదీ తప్పు కాదు. ఎదురుగా ఉన్న మనిషికి ఏ మాట ఇష్టమో అడిగితే ఇంకా మంచిది. కించపరచాలనే నలుగురిలో అవమానిస్తే మాత్రం ఆ 2016 చట్టం ప్రకారం 6 నెలల నుంచి 5 ఏళ్ళ దాకా జైలు.

సామెతల గోల ఒకటుంది. ‘చెవిటివాని ముందు శంఖం ఊదినట్టు’ అని క్లాసులో అనకండి, ఆ బాబు పెదాలు చదువుతుండవచ్చు. ‘కుంటిసాకు’లో కుంటి తీసేసినా సాకు సాకే. గుడ్డినమ్మకానికి మూఢనమ్మకం ఉండనే ఉంది. పాత పుస్తకాల్లో ఉన్నవాటిని దిద్దమని మాత్రం నేననను.

ఫారంలో ఇలా రాయండి: ‘మీ పిల్లలకు ఏదైనా వైకల్యం ఉందా? చూపు / వినికిడి / మాట / నడక / చదువు అందుకోవడం / రక్తానికి సంబంధించిన జబ్బు / మరేదైనా.’ కింద ‘సదరం అయిందా?’ (అంటే వైకల్య పరీక్ష చేయించి సర్టిఫికెట్టు తీసుకున్నారా) అని ఇంకో గడి పెట్టండి. ఇంగ్లీషు పొడి అక్షరాలతో కట్టిన పేరే అయినా, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో సదరం క్యాంపు అంటే మన జిల్లాలో తెలియనివాళ్ళు లేరు. ఆ తల్లిని మళ్ళీ ఒకసారి పిలిపించి వినికిడి దగ్గర టిక్కు పెట్టించండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రానికి పోయే జాబితాలో బాబు పేరు ఉండాలి కదా.