ముందు ఆ చెయ్యి సరిచెయ్యి

చిరంజీవి అల్లుడికి,
పర్లాకిమిడి నుంచి మావయ్య ఆశీస్సులు.

బరంపురం నుంచి నువ్వు పంపిన నవగుంజరం ఫోటోలు, అదే తొమ్మిది ప్రాణుల అంగాలు కలిసిన నీ మట్టిబొమ్మ ఫోటోలు, రాత్రి మీ అత్తయ్య, నేను కూర్చుని చూశాం. కోడి తల, ఎద్దు మూపురం, సింహం నడుము, పాము తోక బాగా కుదిరాయి. ఏనుగు కాలు, పులి కాలు, గుర్రం కాలు కూడా సరే. నాలుగో కాలి చోట ఉండాల్సిన మనిషి చెయ్యి మాత్రం తేలిపోయింది. చివర్లో గుర్తొచ్చి అతికించినట్టుంది.

అల్లుడూ, ఆ బొమ్మకి ప్రాణం ఆ చెయ్యే. సారళా దాసు 15వ శతాబ్దంలో రాసిన ఒడియా మహాభారతంలో అర్జునుడు ఈ వింత జంతువుని చూసి విల్లెత్తుతాడు. పువ్వు పట్టుకున్న మనిషి చెయ్యి కంటపడ్డాకే వచ్చింది కృష్ణుడని గ్రహించి విల్లు దించుతాడు. అందుకే ఉన్నది తీసేసి మళ్ళీ చెయ్యి. తామర మొగ్గ పట్టుకుని అద్దం ముందు నిలబడు. మణికట్టు ఎటు వంగుతోందో, కాడ బరువు ఏ వేలి మీద పడుతోందో చూడు.

బరోక్ కాలం చివర్లో వియన్నాలో పని నేర్చిన మెస్సర్‌ష్మిట్ అనే శిల్పి 1770 ప్రాంతం నుంచి 1783లో పోయేదాకా వింత ముఖాలు చేస్తూనే ఉన్నాడు. అద్దం ముందు తన డొక్కలో తనే గిల్లుకుని, ముఖం ఎలా ముడుచుకుంటుందో చూసి చేసేవాడట. ఎంత వికారంగా ఉన్నా వాటిలో కదిలేవి మన కండరాలే.

కొమ్ముపని నేర్చుకునే రోజుల్లో నేను చేసిన మొదటి యాళికి, అదే గుడి స్తంభాల మీద ఉండే సింహంలాంటి వింత మృగానికి, మోజుకొద్దీ పెద్ద కోరలు పెట్టాను. మెడ గురించి ఆలోచించనే లేదు. మా గురువుగారు దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది తల తిప్పగలదా?" అని అడిగారు. అప్పటి నుంచి ప్రతి బొమ్మనీ అదే అడుగుతున్నాను. నీదాన్నీ అడిగాను. నెమలి మెడ మూపురంలోకి దిగే చోట బిగిసిపోయింది. అక్కడ ఈకలు టక్కున ఆగకూడదు, చిన్నవవుతూ ఎద్దు చర్మం ముడతల్లో కలిసిపోవాలి.

తడిగుడ్డ కప్పి ఉంచానన్నావు కాబట్టి ఇంకా టైముంది. కొత్త చెయ్యి, ఒళ్ళు ఒకే పచ్చి మీద ఉన్నప్పుడు రెండు వైపులా గీతలు గీసి, పల్చటి మట్టి పూసి అతికించు. ఆరేదాకా కింద ఊతం పెట్టు. మూపురాన్ని లోపల గుల్ల చేసి గాలి పోయే కన్నం ఉంచు, లేకపోతే బట్టీలో పగులుతుంది.

చెయ్యి అయ్యాక దాని ఒక్కదాని ఫోటో పంపు. అతికించకముందే చూస్తాను.

మీ మావయ్య