ఆర్డర్‌కు తెలుగు మాట ఏది?

సందేహం: నేను ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తుంటాను. ఈమధ్య ఒక షాపింగ్ యాప్‌లో ‘మీ ఆదేశం విజయవంతంగా ఉంచబడింది’ అని కనిపించింది. అది తెలుగు కాదని తెలుస్తూనే ఉంది. మరి ఏం రాయాలంటే నాకూ తోచలేదు. ‘ఆర్డర్’ అనే మాటకు సరైన తెలుగు ఏది?

సమాధానం: అన్నిచోట్లా సరిపోయే ఒక్క మాట లేదు. ఉండనవసరమూ లేదు.

ఈ మాటకు మూలం లాటిన్‌లోని ‘ఓర్డో’. వరుస అని అర్థం. మగ్గం మీది దారాల వరుసను మొదట అలా అనేవారని చెబుతారు, అంటే మన పడుగు లాంటిదన్నమాట. వరుస నుంచి క్రమం, క్రమం నుంచి కట్టుబాటు, ఆ కట్టుబాటును నిలబెట్టే ఆజ్ఞ... ఇలా అర్థం పాకుతూ పోయింది. మన ‘వరుస’ మాత్రం వేరే దారి పట్టింది. వరుసలో నిలబడతాం, ‘ఆయన నాకు వరుసకు మేనమామ’ అంటాం, పాటకు వరుస కడతాం, ‘నీ వరస నాకు నచ్చలేదు’ అని కోప్పడతాం. వీటన్నిటికీ కలిపి ఒక్క ఇంగ్లిష్ మాట చెప్పమంటే ఎవరు చెప్పగలరు?

ఆజ్ఞ అనే అర్థంలో తెలుగుకు కొరత లేదు. అయితే ఎవరు ఎవరితో అంటున్నారో చూసుకోవాలి. పెద్దలు చెబితే ఆనతి. ప్రభుత్వం ఇస్తే ఉత్తర్వు. పై అధికారి ఇస్తే ఆదేశం. ఎదుటివాడి దర్పం మనకు గిట్టనప్పుడు ‘హుకుం జారీ చేశాడు’ అంటాం. ఇంగ్లిష్‌లో ఇవన్నీ ఒక్క ‘ఆర్డర్’లో ఇమిడిపోతాయి. తెలుగులో మాట మారితే మనుషుల మధ్య సంబంధమే మారిపోతుంది. అందుకే ‘ఆర్డర్’ కనబడగానే ‘ఆదేశం’ అని రాసేయడం నాకు బాధగా ఉంటుంది. కొనుగోలుదారు దుకాణదారుణ్ని ఆదేశించడు కదా!

వస్తువు కావాలని కోరడానికి మనకు చక్కని మాట ఒకటుంది: పురమాయించడం. ‘కంసాలికి గొలుసు పురమాయించాం’ అంటే చేయమని పని అప్పగించాం అని. రాజాజ్ఞ అనే అర్థంలో వాడే ‘ఫర్మానా’ పుట్టిన పారశీక ధాతువు నుంచే ఇదీ వచ్చింది, కానీ మన నోట్లో నానిపోయి ఆ అధికార వాసన పోగొట్టుకుంది. అంతకంటే తేలికైన మాట ‘చెప్పడం’. హోటల్లో కూర్చుని ‘రెండు కాఫీలు చెప్పు’ అంటాం. టైలర్ దగ్గర కుట్టించుకున్నది ‘చెప్పి చేయించుకున్నది’. ఇంత చిన్న క్రియ అంత పని చేస్తుంటే దాన్ని అనువాదకులు ఎందుకు మరిచిపోతారో!

కోర్టు కాగితాల దగ్గర మాత్రం ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 2(14) సెక్షన్ ప్రకారం, సివిల్ కోర్టు లాంఛనంగా వెల్లడించిన నిర్ణయం డిక్రీ (అంటే దావాలో ఇరుపక్షాల హక్కులను తేల్చేసే నిర్ణయం) కాకపోతే అది ఆర్డర్. అక్కడ ‘ఉత్తర్వు’ అనాలి. ‘తీర్పు’ అంటే వేరే. అదే కోడ్ మొదటి షెడ్యూల్లో 51 ‘ఆర్డర్లు’ ఉన్నాయి. అవి ఉత్తర్వులు కావు, అధ్యాయాల్లాంటి విభాగాలు. 21వ ఆర్డర్ డిక్రీల అమలు గురించి చెబుతుంది. దాన్ని ‘21వ ఉత్తర్వు’ అని రాస్తే, ఏదో కోర్టు ఇచ్చిన ఉత్తర్వు కాబోలు అనుకుంటారు.

జీవశాస్త్రంలో దీన్ని ‘క్రమం’ అంటారు, పిల్లి, కుక్క, ఎలుగుబంటి ఒకే క్రమానికి చెందినట్టు. ‘లా అండ్ ఆర్డర్’కు ‘శాంతిభద్రతలు’ స్థిరపడిపోయింది. లిఫ్ట్ ‘అవుటాఫ్ ఆర్డర్’ అయితే ‘పనిచేయడం లేదు’ అని రాస్తే చాలు. ‘ఇన్ ఆర్డర్ టు’కు విడిగా మాటే అక్కర్లేదు; ‘చూడటానికి’, ‘చేయడం కోసం’ అనడంలోనే అది వచ్చేస్తుంది.

ఇక మీ యాప్ సంగతి. అక్కడ ‘మీ ఆర్డర్ అందింది’ అనండి. ఆర్డర్ ఇప్పుడు అందరి నోటా ఉన్న మాట, దాన్ని తీసేయనక్కర్లేదు. తీసేయాల్సింది ‘ఉంచబడింది’ని. ‘ఆర్డర్ క్యాన్సిల్’ అన్నచోట ‘ఆర్డర్ రద్దు’ అని, తేదీల ఆర్డర్‌లో చూపించమన్నచోట మాత్రం ‘తేదీల వరుసలో’ అని రాయండి.