కొండ మీద ఇల్లు తీసుకునే ముందు

బుజ్జీ,

ఈ వేసవికి కొండల్లో, ఊరికి దూరంగా ఒక ఇల్లు అద్దెకు తీసుకోబోతున్నారని మీ అమ్మ చెప్పింది. నాకెంత సంతోషమేసిందో! పాతికేళ్లుగా అలాంటి ఇళ్లలో ఉండి వస్తున్నదాన్ని కాబట్టి నాకు తెలిసినవి రాస్తున్నాను.

ముందు ఇది చెప్పు, ఎన్ని రాత్రులు ఉంటారు? రెండే అయితే ఇంకో రెండు కలుపు. మొదటి రోజు ప్రయాణ బడలికతోనే గడిచిపోతుంది. కొత్త చోటు కాబట్టి ఆ రాత్రి నిద్ర పట్టదు. పైకప్పుకు కొమ్మ రాసుకున్నా మెలకువ వచ్చేస్తుంది. మూడో రోజు పొద్దున గానీ మనసు కుదుటపడదు. రెండు రాత్రులకని వెళ్లినవాళ్లు సరిగ్గా ఆ పొద్దునే సామాన్లు సర్దుకుని కొండ దిగుతారు. నాకది చాలా బాధగా అనిపిస్తుంది.

డబ్బు కట్టేముందు ఇంటి యజమానితో ఫోన్లో మాట్లాడు. ఫొటోల్లో వరండా కనిపిస్తుంది గానీ కారు ఎంతవరకు వస్తుందో కనిపించదు. ఒకసారి రోడ్డు పక్కనే ఇల్లు అంటే నమ్మి వెళ్లాం. కారు ఆపిన చోటి నుంచి ముప్పావుగంట ఎక్కుడు దారి, మీ పెదనాన్నకేమో మోకాళ్ల నొప్పులు. నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి, కరెంటు పోతే ఏం చేయాలి, సిగ్నల్ అందుతుందా, ఆసుపత్రి ఎంత దూరం, ఇవన్నీ అడుగు. మ్యాప్ ముందే ఫోన్లోకి దించుకో.

ఎత్తు ఎంతో కూడా కనుక్కో. ప్రతి 1000 మీటర్లకు సుమారు 6 డిగ్రీల చలి పెరుగుతుంది, వేసవి అయినా స్వెటర్లు కావాలి. చల్లగా ఉంది కదా అని టోపీ మానేయకు, పైకి వెళ్లేకొద్దీ ఎండ చర్మాన్ని ఎక్కువ కాలుస్తుంది. 2000 మీటర్ల దగ్గర నీళ్లు 93 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి ఏది ఉడకాలన్నా ఆలస్యమే, ప్రెషర్ కుక్కర్ ఉండాలి. 2500 మీటర్లు దాటితే కొందరికి తలనొప్పి, వికారం వస్తాయి. మొదటి రోజు ఊరికే కూర్చోండి. బాధ తగ్గకుండా పెరుగుతుంటే ఆలోచించకుండా కిందికి దిగిపోండి.

చీకటి పడకముందే ఇల్లు చేరండి. తిరిగి దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచొద్దని అల్లుడికి చెప్పు, అది వేడెక్కి పట్టు వదిలేస్తుంది. చిన్న గేరులో దిగాలి.

చుట్టుపక్కల చూడాల్సినవాటి జాబితా రాసుకుని వెళ్లకు తల్లీ. అక్కడ ఉన్నన్నాళ్లూ పొద్దున్నే ఒక నడక, అంతే. మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేయండి. ఎండకు కొండవాలు వేడెక్కి గాలి పైకి లేస్తుంది, అందుకే అక్కడ సాయంత్రంలోపు మబ్బు కమ్ముకోవడం మామూలే. ఉరుము వినబడితే లోపలికి వెళ్లి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగండి.

ఇక వరండా. పగలు గాలి లోయలోంచి పైకి వస్తుంది, రాత్రి కొండ మీద నుంచి కిందికి జారుతుంది. ఆ రెంటి మధ్య, పొద్దు వాలాక, కాసేపు ఆకు కూడా కదలదు. ఎక్కడో కుక్క మొరిగితే అవతలి కొండ దాకా వినిపిస్తుంది. ఆ కాసేపూ ఫోన్లు లోపల పెట్టి, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకో. నేను ఇన్నేళ్లూ వెళ్లింది దానికోసమే. అమావాస్య దగ్గరి తేదీలు దొరికితే ఇంకా మంచిది. లైట్లన్నీ ఆర్పి 20 నిమిషాలు చీకట్లో ఉంటే కళ్లు అలవాటుపడి పాలపుంత కనిపిస్తుంది.

రాత్రి చలికి బొగ్గుల కుంపటి మాత్రం గదిలోకి తేవద్దు. తలుపులు మూస్తే వాసన లేని విషవాయువు నిండుతుంది, నిద్రలోనే ప్రాణం పోతుంది. ఇంకో దుప్పటి కప్పుకోండి. మిగిలిన తిండి బయట పారేయకండి, జంతువులు వస్తాయి.

తేదీలు ఖాయం కాగానే ఫోన్ చెయ్యి. నా పెద్ద టార్చిలైటు, రెండు శాలువాలు తీసి ఉంచుతాను.

మీ పెద్దమ్మ